యుద్ధాన్ని ఆపే సైన్యం: గుత్తి కోట నుంచి దత్త మండలాల వరకు

ప్రవేశిక

సైన్యం యుద్ధం చేయడానికే ఉంటుందని అనుకుంటాం. కాని ఏ కాలంలోనైనా రాజ్యాలు సైన్యాన్ని పోషించిన రోజుల్లో ఎక్కువ భాగం యుద్ధం లేని రోజులే. ఆ రోజుల్లో సైన్యం చేసే పని ఏమిటి? 'మా మీదికి వస్తే నీకు నష్టం' అని ఎదుటివాడికి తెలియజేస్తూ ఉండటం. దీనినే యుద్ధ నిరోధం అంటాం. అణ్వాయుధాలు వచ్చాక నిరోధం అనగానే వాటి పేరే వినిపిస్తోంది. అయితే 1998లో భారత్, పాకిస్తాన్ రెండూ అణు పరీక్షలు జరిపిన మరుసటి ఏడాదే కార్గిల్ యుద్ధం జరిగింది. పదాతి, అశ్విక, ఫిరంగి దళాల వంటి సంప్రదాయ బలగాలు యుద్ధాన్ని ఎప్పుడు ఆపగలవు, ఎప్పుడు ఆపలేవు అన్న పాత ప్రశ్న అణ్వాయుధాలతో తీరిపోలేదు.

ఈ ప్రశ్నను ఈ పాఠంలో అనంతపురం పీఠభూమి మీద నిలబడి పరిశీలిద్దాం. దీనికి రెండు కారణాలు ఉన్నాయి. ఒకటి, పదహారో శతాబ్దం నుంచి పందొమ్మిదో శతాబ్దం దాకా దక్కనులో యుద్ధం చేసిన దాదాపు ప్రతి సైన్యమూ ఈ నేల మీదుగా నడిచింది. రెండోది మరింత ముఖ్యం. ఒక సైన్యానికి జీతం కట్టడం కోసం ఒక ప్రాంతాన్ని మొత్తంగా చేతులు మార్చిన ఉదంతం ఇక్కడిదే. ఆ ప్రాంతంలో పుట్టి పెరిగిన విద్యార్థులకు 'సీడెడ్' అన్న మాట సినిమా పంపిణీ ఏరియాగా తెలిసి ఉండవచ్చు. ఆ మాట పుట్టింది ఒక సైనిక ఒప్పందంలో.

కరువు నేల మీద సైన్యం

అనంతపురం జిల్లాలో సాలీనా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. పెన్నా, చిత్రావతి, హగరి నదులు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకతోనే కనిపిస్తాయి. రైతుకు ఈ సంగతి ఎంత ముఖ్యమో సేనాపతికీ అంతే ముఖ్యం.

ఆనాటి సైన్యాన్ని కత్తులు, తుపాకుల సంఖ్యతో మాత్రమే కొలిస్తే పొరపడతాం. గుర్రానికి రోజూ ఉలవలు కావాలి, గడ్డి కావాలి, నీళ్లు కావాలి. ఫిరంగి లాగే ఎద్దులకూ అంతే. పోరాడే ప్రతి సైనికుడి వెనుక బజారు మనుషులు, బండ్లు, ధాన్యం మోసే బంజారాల ఎద్దుల మందలు కదిలేవి. ఎండాకాలంలో చెరువులు ఎండితే ఇంత మంద నిలవదు. వాన పడితే గుత్తి, తాడిపత్రి వైపు నల్లరేగడిలో ఫిరంగి బండ్లు దిగబడి కదలవు. కాబట్టి ఈ పీఠభూమి మీద పెద్ద సైన్యం పనిచేయగలిగే కాలం ఏడాదిలో కొద్ది నెలలే.

దీని ఫలితం ఆసక్తికరమైనది. కౌటిల్యుని అర్థశాస్త్రం నాలుగు రకాల దుర్గాలను చెబుతుంది. నీటి మధ్య ఉన్నది, కొండ మీద ఉన్నది, అడవిలో ఉన్నది కాక, నీరూ పచ్చికా లేని చోట కట్టిన ధాన్వన దుర్గం కూడా ఒకటి. అంటే చుట్టూ ఉన్న ఎండిన నేలే దానికి కందకం. అనంతపురం కోటల్లో చాలావాటికి గిరిదుర్గం, ధాన్వన దుర్గం లక్షణాలు రెండూ ఉన్నాయి. పెనుకొండ, గుత్తి, రాయదుర్గం మైదానంలోంచి ఒక్కసారిగా లేచిన గ్రానైటు కొండలు. లోపల దొణలూ బావులూ నిండి ఉండి, బయట చెరువులు ఎండి ఉంటే ముట్టడించినవాడే ముందుగా అలసిపోతాడు. లోపలి నీళ్లు తరిగితే మాత్రం ఎంత ఎత్తు గోడ అయినా ఉపయోగపడదు. ఈ పాఠంలో వచ్చే రెండు ముట్టడులు ఈ రెండు స్థితులను చూపిస్తాయి.

పెద్ద కోటల సంగతి ఇది. చిన్న ఊళ్లకు నిరోధం మరో రూపంలో ఉండేది. ఊరి మధ్య ఒక రాతి బురుజు, చుట్టూ మట్టిగోడ. గుర్రపు దండు దుమ్ము కనబడగానే ధాన్యం, పశువులు, పిల్లలను లోపలికి చేర్చి, బురుజు మీద నాలుగు నాటు తుపాకులు పెట్టేవారు. దండు తలచుకుంటే ఆ బురుజును పడగొట్టలేక కాదు. కాని ఒక పూట ఆగాలి, నలుగురు చావాలి, దొరికేది కొద్దిపాటి జొన్నలు. 'ఇక్కడ వద్దు, పక్క ఊరు చూద్దాం' అని దండు అనుకుంటే బురుజు పని చేసినట్టే. పాపం, పక్క ఊరి సంగతి వేరు. నిరోధం యుద్ధాన్ని రద్దు చేయకుండా పక్కకు మాత్రమే నెట్టవచ్చు. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది.

పెనుకొండ: కాలం ఎవరి పక్షం

1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధంలో ఓడిన తర్వాత విజయనగర పాలకులు హంపీని వదిలి పెనుకొండకు వచ్చారు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ పట్టణం అప్పటి నుంచి కొన్ని దశాబ్దాలు రాజధాని. ఓడిన రాజ్యం, చెదిరిన సైన్యం, ఉత్తరాన బలమైన సుల్తానులు. ఈ స్థితిలో రాజ్యం వెంటనే కూలిపోవలసింది. కూలిపోలేదు. 1577లో బీజాపూరు సుల్తాను అలీ ఆదిల్ షా పెనుకొండను ముట్టడించాడు. పట్టుకోలేక వెనుదిరిగాడు. 1589 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా మళ్లీ ముట్టడించాడు. అప్పుడు రాజు రెండో వెంకటపతిరాయలు.

వెంకటపతి ముందు సంధి మాటలు మొదలుపెట్టాడు. సుల్తాను ముట్టడి సడలించాడు. ఆ కొద్ది వ్యవధిలోనే కోటలోకి ధాన్యం, మందుగుండు, కొత్త బలగం చేరాయి. జగదేవరాయలు సేనతో వచ్చి లోపల ప్రవేశించాడు. సంధి మాట ఆగిపోయింది. సుల్తాను మళ్లీ చుట్టుముట్టాడు, కాని వానాకాలం దగ్గరపడుతోంది. కృష్ణానది పొంగితే ఇంటిదారి మూసుకుపోతుంది. గోల్కొండ సైన్యం వెనక్కి మళ్లింది.

ఇందులో గమనించవలసింది ఏమిటి? వెంకటపతి సైన్యం మైదానంలో గోల్కొండ సైన్యాన్ని ఓడించలేదు. ఓడించవలసిన అవసరమూ రాలేదు. వానలు వచ్చేలోపు ఈ కోట లొంగదు అని సుల్తానుకు అనిపించేలా చేసింది, అంతే. నాలుగు శతాబ్దాల తర్వాత, ఐరోపాలో నాటో, వార్సా కూటముల ట్యాంకులు ఎదురెదురుగా మోహరించి ఉన్న రోజుల్లో, అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త జాన్ మియర్‌షైమర్ సంప్రదాయ సైనిక నిరోధం మీద 1983లో ఒక గ్రంథం ప్రచురించాడు. త్వరగా, చౌకగా గెలుస్తానని నమ్మినవాడు దాడికి దిగుతాడని, యుద్ధం సుదీర్ఘంగా సాగి తన బలం అరిగిపోతుందని భయపడినవాడు ఆగిపోతాడని అందులోని ప్రధాన వాదన. ఎవరి దగ్గర ఎన్ని ట్యాంకులు ఉన్నాయన్న లెక్క దాని తర్వాతిది. వెంకటపతి ఈ గ్రంథం చదవలేదు గాని, అందులోని సూత్రాన్ని ఆచరించి చూపించాడు.

గుత్తి: మూడు రోజుల నీళ్లు

ఇప్పుడు రెండో స్థితికి వద్దాం. పద్దెనిమిదో శతాబ్దం మధ్యలో గుత్తి కోట మరాఠా నాయకుడు మురారిరావు ఘోర్పడే చేతిలో ఉంది. ఈయన దక్షిణ భారత రాజకీయాల్లో విచిత్రమైన వ్యక్తి. రాజ్యం చిన్నది, గుర్రపు దళం మాత్రం పేరున్నది. 1741 నుంచి 1743 దాకా తిరుచిరాపల్లి ఆయన అధీనంలో ఉంది. 1751లో ఆర్కాటు ముట్టడి సమయంలో క్లైవుకు సాయంగా బయలుదేరిన మరాఠా దళం ఆయనదే. కర్ణాటక యుద్ధాల్లో ఆ దళాన్ని ఎవరు ఎక్కువ సొమ్ము ఇస్తే వారి పక్షాన నడిపాడని చరిత్రకారులు రాస్తారు. ఆ మాట నిజమే గాని, అందులోని నింద కొంచెం ఎక్కువ అనిపిస్తుంది. 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మీద వేల గుర్రాలను మేపడానికి శిస్తు చాలదు. ఆ గుర్రాలు బయట సంపాదించుకు రావాలి. లేకపోతే గుత్తికి నిరోధక బలమే లేదు.

హైదర్ అలీ మైసూరులో బలపడిన కొద్దీ మురారిరావు ఆయనకు కంటిలో నలుసు అయ్యాడు. 1775 చివర్లో హైదర్ గుత్తి మీదికి వచ్చాడు. పట్టణమూ దిగువ కోటా మైసూరు సేన చేతిలో పడ్డాయి. ఎగువ కోట లొంగలేదు. వారాలు గడిచి నెలలు అయ్యాయి. కింది నుంచి ఫిరంగులు ఏమీ చేయలేకపోయాయి. హైదర్‌కు ముట్టడి ఖర్చు రోజురోజుకూ పెరుగుతోంది. లెక్క ప్రకారం ఇది పెనుకొండ కథ లాగే ముగియాలి.

ముగియకపోవడానికి కారణాన్ని మైసూరు చరిత్ర రాసిన మార్క్ విల్క్స్ వివరించాడు. కోటలో నీళ్లు అడుగంటాయి. పట్టణంలోంచి పైకి చేరిన జనం, పశువులు, గుర్రాలు దొణలను ఖాళీ చేశాయి. మురారిరావు సంధికి కబురు పంపాడు. కొంత రొక్కం ఇప్పుడు, మిగతాది తర్వాత, అందుకు పూచీగా ఒక ఉన్నత కుటుంబపు యువకుడు హైదర్ దగ్గర బందీగా ఉండాలి. ఒప్పందం కుదిరింది. యువకుడు కిందికి వచ్చాడు. హైదర్ అతణ్ని మర్యాదగా కూర్చోబెట్టి, కోటను అంత కాలం నిలబెట్టిన వారి ధైర్యాన్ని మెచ్చుకున్నాడు. పొగడ్తకు పొంగిన కుర్రవాడు, నీళ్లు లేకపోబట్టి గాని లేకుంటే లొంగేవాళ్లమే కాదని, ఇక మూడు రోజులకే నీళ్లు ఉన్నాయని నోరు జారాడు. హైదర్ ఒప్పందాన్ని పక్కనపెట్టి ముట్టడి కొనసాగించాడు. కొద్ది రోజుల్లోనే, 1776లో, మురారిరావు లొంగిపోయాడు. ఆయనను శ్రీరంగపట్నానికి, అక్కడి నుంచి కబ్బాళదుర్గానికి పంపారు. అక్కడే మరణించాడు.

విల్క్స్ కథనం మనకు దొరికిన వ్రాత సాక్ష్యం. సంభాషణ అక్షరాలా అలాగే జరిగిందని పట్టుబట్టనక్కర లేదు. కాని కథలోని తర్కం గట్టిది. ఆ కుర్రవాడు నోరు విప్పక ముందూ, విప్పిన తర్వాతా కోటలోని బలగం ఒక్కటే. గోడలు అవే, తుపాకులు అవే, మనుషులు వాళ్లే. మారినది హైదర్ లెక్క. 'ఇంకా ఎన్ని నెలలో' అన్న చోట 'ఇంకా మూడు రోజులు' వచ్చి చేరింది. నిరోధం సైన్యంలో ఎంత ఉంటుందో శత్రువు మనసులోనూ అంత ఉంటుంది. అందుకే బలహీనతను దాచడం కూడా రక్షణలో భాగమే. ఆధునిక సైన్యాలు ఆయుధాల సంఖ్యను బహిరంగంగా కవాతులో చూపించి, మందుగుండు ఎన్ని రోజులకు సరిపోతుందో మాత్రం రహస్యంగా ఉంచడం ఇందుకే.

అభ్యాసం: గుత్తి, పెనుకొండ, రాయదుర్గం కోటల్లో మీకు దగ్గరలో ఉన్నదాన్ని చూసి రండి. గోడలను, ద్వారాలను కాక దొణలను, బావులను, ధాన్యపు కొట్లను వెతకండి. వాటిలో ఎన్ని ఎగువ కోటలో ఉన్నాయి, ఎన్ని దిగువ కోటలో ఉన్నాయి? దిగువ కోట శత్రువు చేతిలో పడితే లోపలివారికి ఏమి మిగులుతుందో ఒక పుటలో రాయండి.

హైదరాబాదు: అనుమతి లేని సైన్యం

గుత్తి నుంచి ఇప్పుడు హైదరాబాదుకు వెళ్లాలి. ఎందుకంటే అనంతపురం పీఠభూమి భవిష్యత్తు నిర్ణయమైనది అక్కడి దర్బారులో.

నిజాం అలీఖాన్ మూడు బలాల మధ్య ఉన్నాడు. పడమట మరాఠాలు, దక్షిణాన టిప్పు సుల్తాను, తూర్పున ఈస్టిండియా కంపెనీ. హైదరాబాదులో కంపెనీ దళాలు రెండు పటాలాలు ఉండేవి. వాటి ఖర్చు నిజాందే. 1795లో మరాఠాలతో యుద్ధం వచ్చినప్పుడు గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ ఆ పటాలాలను మరాఠాల మీద వాడటానికి ఒప్పుకోలేదు. ఖర్డా దగ్గర నిజాం ఓడిపోయాడు. అక్కడి చిన్న కోటలో నీరూ మేతా అందక చిక్కుకుని, భూములూ సొమ్మూ ఇస్తానని ఒప్పుకుని బయటపడ్డాడు. పటాలాలు ఉన్నాయి, జీతం వెళ్తోంది, తుపాకులు మెరుస్తున్నాయి. వాటిని వాడరని మరాఠాలకు తెలుసు. వాడని సైన్యం ఎవరినీ ఆపదు.

నిజాం కంపెనీ మీద కోపంతో ఫ్రెంచి సేనాని రేమండ్ శిక్షణ ఇచ్చిన పటాలాలను పెంచాడు. అవి సుమారు 14,000 మందికి చేరాయి. రేమండ్ 1798 మార్చిలో మరణించాడు. అదే ఏడాది సెప్టెంబరు 1న కొత్త గవర్నర్ జనరల్ వెల్లెస్లీ నిజాంతో ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ పటాలాలు ఆరుకు పెరుగుతాయి, నిజాం ఏటా 24,17,100 రూపాయలు చెల్లిస్తాడు, ఫ్రెంచి దళం రద్దవుతుంది. అక్టోబరులో కంపెనీ దళాలు ఆ దళం విడిదిని చుట్టుముట్టాయి. ఫిరంగులు ఎత్తైన చోట నిలిపారు. అప్పటికే జీతం బకాయిల కోసం సిపాయిలు తమ ఫ్రెంచి అధికారుల మీద తిరగబడి ఉన్నారు. బకాయిలు ఇస్తామని మాట ఇచ్చి ఆయుధాలు కింద పెట్టించారు. యుద్ధం జరగలేదు. ఒక వైపు చుట్టూ ఫిరంగులు, మరో వైపు జీతం బకాయిలు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ పని చేసిందన్నది ఆలోచించదగ్గ విషయం.

సైనికుల జీతంగా ఒక ప్రాంతం

1799 మేలో శ్రీరంగపట్నం కూలి టిప్పు మరణించాడు. అతని రాజ్యంలో గుత్తి సహా కొంత భాగం నిజాంకు వచ్చింది. అంతకు ముందు 1792 సంధిలో కడప వైపు భూములు వచ్చి ఉన్నాయి. ఇవి నిజాం చేతిలో ఎంతో కాలం ఉండలేదు.

సహాయక సైన్యానికి డబ్బు చెల్లింపు ఎప్పుడూ ఆలస్యమయ్యేది. జీతం అందని సైన్యం ఎంత ప్రమాదమో ఫ్రెంచి దళం ఉదంతం చూపించింది. అందుకని వెల్లెస్లీ శాశ్వత ఏర్పాటు కోరాడు. 1800 అక్టోబరు 12న కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీ సైన్యం ఎనిమిది పటాలాలకు, రెండు అశ్విక దళాలకు పెరిగింది. అంటే 8,000 మంది పదాతులు, 1,000 మంది ఆశ్వికులు, తగిన ఫిరంగులు. నిజాం మీద ఎవరు దాడి చేసినా ఈ బలం రక్షణగా నిలవాలి. బదులుగా 1792, 1799లలో మైసూరు నుంచి తనకు వచ్చిన భూములన్నిటినీ నిజాం కంపెనీకి ఇచ్చివేశాడు. ఇప్పటి అనంతపురం, కడప, బళ్లారి ప్రాంతాలు, కర్నూలులో నవాబు జాగీరు కాని భాగం అందులో చేరాయి. వాటికే దత్త మండలాలు అన్న పేరు వచ్చింది. పాఠ్యపుస్తకాలు దీనిని సైన్య సహకార పద్ధతి కింద రెండు వాక్యాల్లో ముగిస్తాయి. రాయదుర్గం దగ్గర జొన్న పండించే రైతు వైపు నుంచి చూస్తే జరిగింది ఇది: అతను కట్టే శిస్తు హైదరాబాదును మరాఠాల నుంచి కాపాడే సిపాయిల జీతానికి జమ అయింది. ఆ రైతు హైదరాబాదును చూసి ఉండడు.

ఇంతకీ ఆ సైన్యం యుద్ధాన్ని ఆపిందా? సమాధానం అంత సూటిగా లేదు. 1800 తర్వాత అనంతపురం పీఠభూమి మీదికి పెద్ద రాజ్యాల సైన్యాలు రావడం ఆగింది. గుత్తి మళ్లీ ముట్టడి చూడలేదు. అయితే అందుకు నిరోధం ఒక్కటే కారణం కాదు. మైసూరు శక్తి అప్పటికే అంతమైంది. మరోవైపు మూడేళ్లు తిరగకుండానే యుద్ధం వచ్చింది. 1802 చివర్లో పీష్వాతో కంపెనీ చేసుకున్న బస్సీను సంధి సింధియాను, భోంస్లేను రెచ్చగొట్టింది. 1803 సెప్టెంబరు 23న అస్సాయి యుద్ధం జరిగింది నిజాం రాజ్యపు నేల మీదే. ఒకరి రక్షణ ఏర్పాటు మరొకరికి దాడి సన్నాహంగా కనిపించడం నిరోధంలో ఉన్న పాత చిక్కు. 1816లో పిండారీ గుర్రపు దండ్లు గుంటూరు దాకా వచ్చి దోచుకుపోయాయి. కంటోన్మెంటులో కూర్చున్న క్రమశిక్షణ గల పటాలం, నలభై మైళ్ల అవతల దూసుకుపోయే దండును ఆపలేకపోయింది. ఊరి బురుజు గురించి చెప్పుకున్న మాట ఇక్కడ గుర్తుకు రావాలి.

ఎనభై మంది పాలెగాళ్లు

బయటి శత్రువు తగ్గినా లోపలి లెక్క మిగిలే ఉంది. కంపెనీ వ్యవహారాల మీద బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ఇచ్చిన ఐదో నివేదిక (1812) దత్త మండలాల్లో 80 మంది పాలెగాళ్లు, వారి కింద 30,000 మంది సాయుధ బంట్రోతులు ఉన్నారని, వీరు దోపిడీ మీద బతికేవారని రాసింది. విద్యార్థులు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఆ మాట పాలెగాళ్లను తొలగించిన పాలకుల పక్షం నుంచి వచ్చినది. విజయనగర కాలం నుంచి పాలెగాడి పని ఊళ్లకు కావలి కాయడం, రాజు పిలిస్తే మనుషులతో వెళ్లడం. అందుకు భూమి, కావలి పన్ను ఉండేవి. పై రాజ్యం బలంగా ఉన్నప్పుడు అతను కావలివాడు, బలహీనపడితే చిన్న రాజు. ఊళ్లను దోచినవారూ ఉన్నారు, చెరువులు తవ్వించినవారూ ఉన్నారు, రెండూ చేసినవారూ ఉన్నారు. అనంతపురాన్ని ఏలిన హండె వంశంవారు కూడా ఈ వ్యవస్థలోనివారే.

1800 చివర్లో థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. కొంతకాలం అనంతపురమే అతని కేంద్రం. శిస్తు వసూలుకు ముందు సైన్యం కావాలని అతను పట్టుబట్టాడు. జనరల్ కాంప్‌బెల్ నాయకత్వంలో బలగాలు పాలెం నుంచి పాలేనికి కదిలాయి. చాలామంది పాలెగాళ్లు ఫిరంగులు చూసి లొంగారు. వారికి పింఛన్లు ఇచ్చారు. కొందరు పారిపోయారు, కొందరు గుత్తి కోటలో ఖైదీలయ్యారు. ఒకప్పుడు హైదర్‌ను నెలల తరబడి ఆపిన కోట ఇప్పుడు జైలు. అన్నిచోట్లా బెదిరింపే సరిపోలేదు. 1801లో, ఇప్పటి కర్నూలు జిల్లాలోని తెర్నేకల్లులో, గ్రామస్థులు శిస్తు విషయంలో ఎదురుతిరిగి మొదటి దాడిని తిప్పికొట్టారు. తర్వాత పెద్ద బలగం వచ్చి ఊరిని పట్టుకుంది. లోపలివారిలో చాలామంది చనిపోయారు. బయటి రాజ్యాన్ని యుద్ధానికి రాకుండా ఆపడం వేరు, సొంత పాలనలోని ప్రజలను భయపెట్టి లొంగదీయడం వేరు. అదే పటాలం, అవే ఫిరంగులు రెండు పనులూ చేస్తాయి గనుక పాలకులు ఈ రెండింటికీ 'శాంతి' అన్న ఒకే పేరు వాడతారు. చరిత్ర విద్యార్థి ఈ రెండింటినీ విడదీసి చూడాలి.

ఖర్చు ఎవరు కట్టారు

మన్రోను ఈ విషయంలో పూర్తిగా ఒక వైపే పెట్టలేం. సైన్యాన్ని పిలిపించినవాడు అతనే. ఊరూరా తిరిగి భూమి కొలిపించి, శిస్తు ఎక్కువైందని పై అధికారులకు రాసినవాడూ అతనే. 1807లో పదవి వదిలే ముందు అతను ఇచ్చిన నివేదిక ప్రకారం శిస్తు పంటలో దాదాపు 45 శాతం. దాన్ని మూడోవంతుకు తేవాలని, అంటే శిస్తును నాలుగోవంతు తగ్గించాలని సిఫార్సు చేశాడు. మద్రాసు ప్రభుత్వం ఒప్పుకోలేదు. రైత్వారీని ఆపి గ్రామాలను కౌలుకు ఇచ్చింది. కౌలుదారులు చాలామంది దివాలా తీశారు. పదమూడేళ్ల తర్వాత, 1820లో, మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాక గాని ఆ తగ్గింపు అమలు కాలేదు. ఆ పదమూడేళ్లలో కంపెనీ నేపాలుతో, మరాఠాలతో, పిండారీలతో యుద్ధాలు చేసింది. సైన్యపు ఖర్చు తగ్గే సూచన లేని ఖజానాకు కరువు నేల శిస్తు తగ్గించడం కనిపించినంత సులభం కాదు. ఇది కంపెనీని సమర్థించే మాట కాదు, దాని లెక్క ఎలా నడిచిందో చెప్పే మాట. చెరువు పూడిక తీయడానికి వెళ్లవలసిన సొమ్ము ఎక్కడికి వెళ్లిందో ఈ లెక్కలోంచి ఊహించవచ్చు.

1827లో గవర్నరుగా చివరిసారి ఈ మండలాల్లో పర్యటిస్తూ మన్రో కలరా సోకి జూలై 6న పత్తికొండలో మరణించాడు. మొదట గుత్తిలోనే పూడ్చారు. తర్వాత అవశేషాలను మద్రాసుకు తరలించారు. అతని జ్ఞాపకార్థం గుత్తిలో ఒక సత్రమూ బావీ కట్టారు. నీళ్లు లేక లొంగిన కోట కింద బావి కట్టడం బహుశా కాకతాళీయమే.

పాలెగాళ్ల బంట్రోతుల్లో కొందరిని కంపెనీ ఊరి కావలికి కట్టుబడి బంట్రోతులుగా ఉంచి ఈనాం భూములు ఇచ్చింది. ఖర్చు తగ్గించుకునే ప్రయత్నంలో తర్వాతి కాలంలో ఆ ఈనాములను వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి కుటుంబ పింఛనుగా నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు వచ్చేది. తమకు రావలసిన మరో వాటాను ప్రభుత్వం కలిపేసుకుందని ఆయన ఫిర్యాదు. 1846 జూలైలో ఆయన కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డప్పుడు వెంట నడిచినవారిలో ఈనాం పోయిన కట్టుబడివారు ఉన్నారు. బళ్లారిలో కంటోన్మెంటు ఉంది, కడపలో సైన్యం ఉంది. అవి కనబడక ఆయన తిరగబడలేదు. పోగొట్టుకోవడానికి ఏమీ మిగలనివారి మీద ఫిరంగి భయం పని చేయదు. కంపెనీ బలగాలు ఆయనను పట్టుకుని 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీశాయి. అందరూ చూసి భయపడాలని తలను కోట గుమ్మానికి వేలాడదీశారు. 1877 దాకా అది అక్కడే ఉందని చెబుతారు. భయపెట్టడానికి ఉంచినదాన్ని చూసి జనం పాటలు కట్టుకున్నారు.

దత్త మండలాలను 1808లో బళ్లారి, కడప జిల్లాలుగా విడదీశారు. 1882లో బళ్లారి నుంచి అనంతపురం జిల్లా ఏర్పడింది. అనంతపురంలో 1916లో మొదలైన కళాశాలకు కూడా సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ అనే పేరు పెట్టారు. ఆ కళాశాలలో తెలుగు బోధించిన చిలుకూరి నారాయణరావు 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభల్లో, ఎవరో ఎవరికో ఇచ్చినట్టు ధ్వనించే 'దత్త మండలం' అన్న పేరు వదిలి 'రాయలసీమ' అని పిలుచుకుందామని ప్రతిపాదించారు. సభ ఆమోదించింది. సినిమా పంపిణీదారులు మాత్రం ఇంకా పాత పేరే వాడుతున్నారు.